గంగుబాయి మాఫీ

“నా బిడ్డ ఎందుకు మాఫీ అడగాలె? ఏం తప్పు చేసిందని అడగాలె?”

రాజమ్మ ఒళ్లోని బీడీల చాటను నేలకేసి కొట్టింది. కత్తిరించి పెట్టుకున్న తునికాకులు గదంతా చెదిరి, గడపలో నిలబడ్డ పార్వతీబాయి కాళ్ల మీద పడ్డాయి. పార్వతీబాయి వికలాంగ పిల్లల బడిలో పంతులమ్మ. లోపలికి రావాలో వెనక్కి తిరగాలో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయింది.

“మెల్లగ రాజమ్మా. వాడకట్టంత ఇంటున్నది.”

“ఇననీయుండ్రి! నా బిడ్డను కుర్చీతోని సహా కార్ఖానా ఆకిట్లకు గుంజి పారేసిననాడు ఈ భవానీపేట్ అంత సూడలేదా? నవ్వలేదా? ఇయ్యాల నా మాట ఇంటే ఏం పోతది?”

గోడకు ఆనుకుని, నడుముకు దిండు కట్టుకుని కూర్చున్న గంగుబాయి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు ఇరవై ఏళ్లు దాటాయి. పుట్టిన నాటి నుంచి కాళ్లు నిలవవు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి మడుచుకుపోయి ఉంటుంది. మాట గొంతులో పుట్టి పెదవి దాటేసరికి ఎదుటివాళ్ల ఓపిక అయిపోతుంది. అందుకే ఇంట్లో ఏ పంచాయితీ నడిచినా అందరూ ఆమె తల మీదుగానే మాట్లాడుకుంటారు, పంచాయితీ ఆమె గురించే అయినా సరే.

“నేను శేట్ మాట మోసుకొచ్చిన, అంతే,” అంది పార్వతీబాయి. “రేపు పొద్దుగాల గంగు కార్ఖానాకు రావాలె. పనోళ్లందరి ముందట, నూనె డబ్బా నా కాలు తాకే పడ్డది, తప్పైంది, మాఫీ చెయ్యుండ్రి అనాలె. అంటే కార్ఖానాల మా బడి పిల్లల ట్రైనింగు నడుస్తది. అనకుంటే ఒక్క పిల్లను గూడ గేటు దాటనియ్యడట.”

“ఆ బాలయ్యగాడు చెప్పిన ఝూట్ మాటకు నా బిడ్డ నెత్తి వంచాల్నా?”

రాజమ్మ కొడుకు వైపు తిరిగింది. వాసుదేవ్ గుమ్మం పక్కన గొంతుకూర్చుని బొగ్గుపొడితో పళ్లు తోముకుంటున్నాడు. అదే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్ పని అతనిది.

“నువ్వేందిరా, రాయి లెక్క కూసున్నవు? నీ చెల్లెను పదిమందిల కుక్కను గుంజినట్టు గుంజుతుంటే నువ్వు ఆడనే ఉంటివి గద! బాలయ్య చెయ్యి పట్టుకోలేకపోతివా?”

వాసుదేవ్ పుక్కిలించి ఉమ్మేశాడు. “అనమను అవ్వా. రెండు మాటలని ఒడగొట్టమను. ఎందుకు పెంచుడు?”

గంగుబాయి అన్న వీపు వైపు చూసింది. వదిన కడుపుతో ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్లి ఇంకా నెల కాలేదు. కొలువు పోతుందని భయపడుతున్నాడనుకుంది. అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ రోజు ఆమెకు జ్ఞాపకం ఉన్నది కొంచెమే. మధ్యాహ్నం ఫిట్స్ మాత్ర వేసుకుంటే కళ్లు మూసుకుపోతాయి. టవళ్లు మడిచే బల్ల మీదే తల పెట్టి పడుకుంది. మగ్గాలకు పోసే నల్లనూనె వాసనకు మెలకువ వచ్చింది. పరికిణీ మీద నూనె చుక్కలు. గోడ వారగా పేర్చిన బొంబాయి సరుకు, తెల్లటి టవళ్ల కట్టలు, పైనుంచి కిందిదాకా నల్లగా కారుతున్నాయి. పనివాళ్లను అజమాయిషీ చేసే ముకద్దం బాలయ్య ఆమె ముఖం మీదికి వంగి అరుస్తున్నాడు: “నేను కండ్లార సూసిన! ఈ కుంటిదే తన్నింది!” ఆ తర్వాత కుర్చీ కాళ్లు బండల మీద గీసుకుపోయిన చప్పుడు. ఎండ. మగవాళ్ల నవ్వులు.

ఆ నవ్వుల్లో బాలయ్య నవ్వు ఏదో ఆమెకు తెలుసు. నిద్రలో కూడా అదే వినిపిస్తోంది. వాడు నేల మీద పడాలి. వాడి చుట్టూ కూడా అట్లాగే నవ్వాలి. మూడు పూటలా అన్నం ముద్దతో పాటు ఆమె మింగుతున్నది ఈ ఒక్క కోరికే.

“బాయి,” అంది గంగుబాయి.

రాజమ్మ ఇంకా తిడుతూనే ఉంది. గంగుబాయి ఎడమచేత్తో గోడను చరిచింది. అప్పుడు అందరూ తిరిగారు.

“నడుముకు... బెల్టు... ఎవలు కట్టిండ్రు?”

పార్వతీబాయి చూపు దించుకుంది. కుర్చీలోంచి జారిపోకుండా గంగుబాయి నడుముకు రోజూ పట్టీ బిగించేది ఆవిడే.

“నేనే కట్టిన.”

“మరి... నా కాలు... ఎట్ల... అందింది?”

పక్కింట్లో మగ్గం ఆగి ఆగి కొట్టుకుంటోంది.

“చెప్పుండ్రి బాయి!” రాజమ్మ లేచి నిలబడింది. “మీకు ఎర్కేనా? అది తన్నలేదని మీకు ఎర్కుండి నోరు మూసుకున్నరా?”

పార్వతీబాయి గడపలోనే కూలబడింది.

“నేను ఆడ లేను రాజమ్మా. సావిత్రి బట్టలు ఖరాబు చేసుకున్నది. కడగనీకి తీస్కపోయిన. పిల్లలను ఒంటిగ ఇడిసిపెట్టొద్దని మా బళ్లె రూలు. ఆ రూలు తప్పిన్నని తెలిస్తే నాతోనే పోదు, ఈ ట్రైనింగే మూతవడ్తది. ఎన్ని కార్ఖానాలు తిరిగిన్నో మీకు తెల్వదు. గిసొంటి పిల్లలు పని చేస్తరా అని మొఖం మీదనే నవ్విండ్రు. తలుపు తీసింది సిద్ధరాములు శేట్ ఒక్కడే.” ఆవిడ గంగుబాయి వైపు జరిగింది. “నిన్ను బతిమాలుకుంట గంగూ. సావిత్రిని చూసినవు గద. ఇంట్ల మంచానికి కట్టేసి పెట్టిండ్రు. ఇయ్యాల టవల్లకు చిట్టీలు అతుకుతున్నది. ఈ గేటు మూసుకుంటే మల్ల మంచానికే కడ్తరు.”

సావిత్రి ముఖం గంగుబాయి కళ్లలో మెదిలింది. చిట్టీ సరిగ్గా అతుక్కుంటే ఆ పిల్ల చప్పట్లు కొడుతుంది. నోట మాట లేదు, అన్నీ చేతులతోనే. ఆ ముఖం నిలిచింది కాసేపే. దాని మీదుగా బాలయ్య నవ్వు వచ్చి కమ్మేసింది.

“వస్త,” అంది.

“గంగూ!” రాజమ్మ అరిచింది.

“వస్త... మాఫీ... అడుగుత.”

పార్వతీబాయి కళ్లు తుడుచుకుని ఆమె తల నిమరబోయింది. గంగుబాయి తల పక్కకు తిప్పుకుంది. ఆవిడ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఒక్కటి... బాయి. సాంచాలు... బందు పెట్టాలె. నా మాట... అందరికి... ఇనవడాలె.”

“పెట్టిస్త. శేట్‌కు నేను చెప్త.”

ఆవిడ కొంతం చౌక్ దాకా రిక్షా కోసం నడిచిపోయింది. వాసుదేవ్ కూడా చొక్కా తగిలించుకుని బయటపడ్డాడు. రాజమ్మ చెదిరిన ఆకులన్నీ ఏరి, జొన్నరొట్టె ముక్కలు పప్పులో నానేసి కూతురి ముందు కూర్చుంది. ఒక ముద్ద పెట్టి ఆగింది.

“నిజంగనే అడుగుతవానే?”

గంగుబాయి నవ్వింది. ఆమె నవ్వితే మెడ ఒకవైపు లాగేస్తుంది. పప్పు గడ్డం మీదికి కారింది.

“వానితోని... అడిగిపిస్త.”

రాజమ్మ కొంగుతో ఆ గడ్డం తుడిచింది. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో వెలుగు వచ్చింది.

“నా కడుపున పుట్టినవు,” అంది. “ఇడువకు బిడ్డా. పంటికింద పడ్డ రాయిని ఉమ్మేయక మింగినోళ్లు బాగుపడలే.”

*

పొద్దున వాసుదేవ్ ఆమెను నాలుగు చక్రాల బండిలో కూర్చోబెట్టి తోసుకెళ్లాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

“ఎక్కువ మాట్లాడకు గంగూ. చెప్పుమన్నది చెప్పి ఊకో.”

ఆమె నోట్లో మాటలన్నీ ముందే వరసగా పేర్చుకుంది. ఒక్కటి జారినా మళ్లీ కూర్చుకోవడానికి ఆమెకు ఎంతసేపు పడుతుందో ఆమెకే తెలుసు.

కార్ఖానాలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ మోత అలవాటైన చెవులకు నిశ్శబ్దం కొత్తగా, ఇబ్బందిగా తోచింది. మగవాళ్లు నుసి పట్టిన తలలతో వచ్చి మడత గది గుమ్మం చుట్టూ నిలబడ్డారు. కండెలు చుట్టే ఆడవాళ్లు వెనకనుంచి మెడలు సాచారు. గోడవారగా పార్వతీబాయి, ఆవిడ చెయ్యి పట్టుకుని సావిత్రి.

సిద్ధరాములు శేట్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఈ పిల్లలను చేర్చుకున్నందుకు మరాఠీ పేపర్లో తన ఫొటో పడితే దాన్ని అద్దం కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు. సరుకు పాడైందని బొంబాయి పార్టీ మొహం మీద ఫోను పెట్టేసినప్పటి నుంచి ఆ ఫొటో వైపు చూడటం మానేశాడు.

“చెప్పు గంగుబాయి,” అన్నాడు. “జల్ది ఒడగొట్టు. పని ఆగింది.”

“నూనె... డబ్బా... పడ్డది.”

బాలయ్య శేట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి తల ఊపాడు.

“నేను... నిద్రవోయిన. బాలయ్య... సూసిండట.” ఆమె అతని వైపు తిరిగింది. “ఏ కాలు... తాకింది... బాలయ్యా?”

“ఏ కాలైతే ఏంది?”

“చెప్పు.”

“కుడికాలు,” అన్నాడు బాలయ్య. నలుగురూ నవ్వారు.

“శేటూ... నా కుర్చీ... అదే జాగల... పెట్టిపియ్యి. నన్ను... కూసోపెట్టి... బెల్టు... కట్టమను.”

“మాఫీ అడగనీకి కుర్చీ ఎందుకే?” బాలయ్య ముందుకొచ్చాడు. శేట్ చెయ్యెత్తి ఆపాడు. ఆయనకు ఏదో అనుమానం తగిలింది.

“పెట్టుండ్రి. ఏం చెప్తదో చూద్దం.”

ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. గంగుబాయి పార్వతీబాయి వైపే చూస్తూ ఎదురుచూసింది. ఆవిడ రాలేదు. సావిత్రి ఆవిడ చెయ్యి విడిపించుకుని, తానే వచ్చి పట్టీ అందుకుని, ఎట్లా కట్టాలో తెలియక పంతులమ్మ వైపు ఎత్తి చూపించింది. అప్పుడు పార్వతీబాయి వచ్చింది. రోజూ బిగించినట్టే బిగించింది.

“బాలయ్యా. రా. నా కుడికాలు... పట్టు. కట్టల దాక... అందియ్యి.”

“నేనెందుకు పట్టాలె?”

“పట్టు,” అన్నాడు శేట్.

బాలయ్య చుట్టూ చూశాడు. తప్పలేదు. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చూపుడువేలూ బొటనవేలూ కొసలతో ఆమె పాదం పట్టుకుని లాగాడు. కాలు బిగుసుకుపోయింది. నూనె మరక ఇంకా పోని గోడకూ ఆమె బొటనవేలికీ మధ్య ఒక మనిషి దర్జాగా నడిచిపోవచ్చు.

“ఇంక... గుంజు.”

అతను గుంజాడు. పట్టీ కదల్లేదు, కుర్చీ కదల్లేదు. జారి వెనక్కి కూలబడ్డాడు. ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. చివరికి ఆడవాళ్లు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. గంగుబాయి ఆ నవ్వును కడుపునిండా విన్నది. ఇంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇక్కడ ఆపవచ్చు. ఆపాలనిపించలేదు.

“ఇంక గుంజు... బాలయ్యా. కండ్లార... సూసినవు గద. అందియ్యి!”

“బస్!” బాలయ్య ఎగిరి లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది. “నేను సూడలే! సూడలే, బస్? నాకు వచ్చి చెప్పినోడు వేరే. ‘నా చెల్లె డబ్బా తన్నింది’ అని ఉరికొచ్చి చెప్పిందే మీ అన్న! సొంత అన్ననే చెప్తే నేను ఝూట్ అనుకుంటనా? అడుగు వాణ్ని!”

నవ్వు తెగిపోయింది.

గంగుబాయి మెడ తిప్పి వెతికింది. వాసుదేవ్ గుమ్మానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. తల ఎత్తకపోవడమే జవాబు.

“వాసుదేవ్,” అన్నాడు శేట్.

“డబ్బా నేనే కట్టల మీద పెట్టిన శేట్. ఒక్క నిమిషమని పెట్టిన. తీస్కుంటుంటే జారింది.” చెల్లెలి బల్ల వైపు చూపించాడు. “ఇది నిద్రవోతున్నది. నోట్ల నుంచి మాటొచ్చింది శేట్, నేను అనుకోని అనలే. కుర్చీ గుంజుతడని నాకు ఎర్క లేదు.”

“సొంత చెల్లె మీద పెట్టినవా?” వెనక నుంచి ఒక ఆడమనిషి అంది.

వాసుదేవ్ మొదటిసారి గంగుబాయి వైపు చూశాడు.

“నన్ను తీసేస్తే ఇల్లు మునుగుతది గంగూ. నిన్ను తీసేస్తే... ఇంట్ల కూసుంటవు. ఇదివరకు కూసోలేదా? నీకు పొయ్యేదేముంది అనుకున్న.”

గంగుబాయి ఎడమచెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఆ బల్ల మీద టవల్ పరిచి, ఒక కొస గడ్డంతో అదిమి, రెండో కొస ఎడమచేత్తో తెచ్చి ఘడీ వెయ్యడం, అంటే మడత పెట్టడం, నేర్చుకోవడానికి ఆమెకు ఒక వర్షాకాలం పట్టింది. గడ్డం కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడితే పసుపు రాసుకుని మళ్లీ వచ్చింది. మొదటి ఘడీ కుదిరిన నాడు ఈ అన్నకే చూపించింది. మంచిగున్నది అన్నాడు. తల నిమిరాడు.

నీకు పొయ్యేదేముంది.

సిద్ధరాములు శేట్ లేచాడు. కోపం కంటే విసుగే ఎక్కువగా ఉంది ఆయనలో. పొద్దున్నే పని ఆపించి, పదిమంది ముందు తన ముకద్దాన్ని అబద్ధాలకోరును చేసిన ఈ పిల్ల మీద కూడా.

“మంచిగ తేల్చినవు గంగుబాయి. కుంటిదైనా వకీలు పని చేసినవు. ఇగ తీర్పు గూడ నువ్వే చెప్పు. మీ అన్నను ఉంచాల్నా, తియ్యాల్నా?”

“శేట్, ఆమెను అడుగకుండ్రి!” పార్వతీబాయి ముందుకొచ్చింది. “ఇంటి మనిషి. ఎట్ల చెప్తది?”

“ఇందాకటిదాక నోరు మూసుకున్నరు గద... బాయి,” అంది గంగుబాయి. “ఇప్పుడు... మూసుకోండ్రి.”

పార్వతీబాయి ఆగిపోయింది.

అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె మాట కోసం ఇంతమంది ఇంతసేపు ఓపికగా నిలబడటం ఆమె పుట్టాక ఇదే మొదలు. వదిన కడుపు గుర్తొచ్చింది. రాజమ్మ వంగి వంగి గూనిపడిన వీపు గుర్తొచ్చింది. మాఫీ అన్న మాట నోట్లోనే ఉంది. రాత్రంతా సాధన చేసిన మాటే, తడబడకుండా వచ్చేస్తుంది. అన్న కళ్లు ఆ మాట కోసమే ఆమె పెదవులను పట్టుకుని వేలాడుతున్నాయి. ఇస్తుందనే నమ్మకం కూడా ఉంది ఆ కళ్లలో. చెల్లె కదా. ఎక్కడికి పోతుంది?

ఆ నమ్మకం చూశాకే ఆమె నోరు తెరిచింది.

“తియ్యి.”

ఒక్క ముక్కలో, ఆగకుండా, స్పష్టంగా వచ్చింది.

వాసుదేవ్ మేకుకున్న చొక్కా తీసి భుజాన వేసుకున్నాడు. మనుషులు జరిగి దారి ఇచ్చారు. గేటు దాకా వెళ్లి ఒకసారి ఆగినట్టే ఆగి, వెళ్లిపోయాడు.

“సాంచాలు మల్ల చాలూ చెయ్యుండ్రి,” అన్నాడు శేట్. పార్వతీబాయితో, “పిల్లలను రోజు లెక్కనే తోల్కరాండ్రి,” అని ఆఫీసు వైపు నడిచాడు. బాలయ్య గంగుబాయి కంట పడకుండా అవతలి గోడ వెంట పోయాడు.

మోత మళ్లీ లేచింది. గోడలు అదరడం మొదలైంది. గంగుబాయి టవల్ కోసం చెయ్యి చాపింది. పార్వతీబాయి తెచ్చి బల్ల మీద పరిచి, చెవి దగ్గర వంగింది.

“గంగూ... నేను నీతోని...”

“మీతోని... మల్ల మాట్లాడుత... బాయి.”

ఆవిడ తల వంచుకుని సావిత్రి దగ్గరికి వెళ్లిపోయింది.

మొదటి ఘడీ వంకర పోయింది. గంగుబాయి విప్పి మళ్లీ వేసింది. బాలయ్య నేల మీద కూలబడటం మళ్లీ మళ్లీ తలుచుకుంది. ఇందాకటి తీపి రాలేదు. తలుచుకున్న ప్రతిసారీ అక్కడ బాలయ్య బదులు భుజాన చొక్కా వేసుకున్న వీపు కనిపిస్తోంది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అదే ఆమెను భయపెట్టింది.

గేటు దగ్గర గొడవ వినిపించింది. వాచ్‌మన్‌ను తోసుకుంటూ రాజమ్మ వస్తోంది. చెప్పుల్లేవు. కొంగుకు తంబాకు పొడి అంటుకుని ఉంది. మడత గదిలోకి వచ్చి కూతురి కుర్చీ ముందు కూలబడింది.

“వాసుదేవు ఇంటికొచ్చి మూలకు కూసున్నడు. నౌకరి పోయిందంటడు. ఎట్ల పోయిందిరా అంటే నోరిప్పడు. గొడ్డును కొట్టినట్టు కొట్టిన గంగూ, అయినా చెప్పడు!” ఊపిరి అందక ఆగింది. “కడుపుతోని ఉన్న ఆ పిల్లకు నేనేం చెప్పాలె? ఆమె అవ్వగారింటికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె? వాడు పెండ్లి కాకముందుకెల్లి ఈ కార్ఖానాల చెమటోడ్చిండు.”

గంగుబాయి ఎడమచెయ్యి టవల్ మీద ఆగిపోయింది.

పార్వతీబాయి దూరం నుంచి లేచి నిలబడింది కానీ దగ్గరికి రాలేదు.

“బాలయ్యనా?” రాజమ్మ కూతురి మోకాళ్లు పట్టుకుని ఊపింది. “నువ్వు వాని పరువు తీసినవని పగ పట్టి తీసేయించిండా? శేటేనా? ఎవలైతేంది, పేరు చెప్పు. వాని ఇంటి ముందట దుమ్మెత్తి పోస్త. నా కొడుకు నోటికాడి బువ్వ గుంజుకున్నోని వంశం నిలువద్దని శాపం పెడ్త. చెప్పు బిడ్డా, ఎవలు తీసేయించిండ్రు?”

గంగుబాయి పెదవులు కదిలాయి. మగ్గాల మోతలో ఏమీ వినపడలేదు.

“ఆఁ?” రాజమ్మ మోకాళ్ల మీద లేచి, చెంపకు అంటిన వెంట్రుకలు వెనక్కి తోసుకుని, చెవి తీసుకొచ్చి కూతురి నోటికి ఆనించింది. “మల్ల చెప్పు. ఎవలు?”